స్కాట్లండ్ కుటుంబం, ఇంగ్లండ్ అడ్రస్: వంశవృక్షం మనమే కట్టుకుందాం (3వ భాగం - సరిహద్దు దాటడం)

పోయిన భాగంలో ఇంగ్లండ్ వైపు సెన్సస్ అంతా 1911 నుంచి వెనక్కి 1841 దాకా లాగేశాం కదా, చాలామంది బండి ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఎందుకంటే పుట్టిన ఊరు కాలమ్‌లో "స్కాట్లండ్" అని ఒక్క ముక్క రాసి ఉంటుంది, ఊరు లేదు, జిల్లా లేదు. రాసినాయన బద్ధకం అనుకోకండి, 1851 నుంచి 1901 దాకా ఇంగ్లండ్ సెన్సస్‌లో బయట పుట్టినవాళ్లకి దేశం పేరు రాస్తే చాలన్నారు. 1841లో అయితే మరీ దారుణం, ఎస్ అనే ఒక్క అక్షరం పెట్టి వదిలేశారు, పైగా 15 దాటిన పెద్దవాళ్ల వయసుల్ని ఐదు ఐదుగా కిందికి సర్దేశారు కాబట్టి 34 ఏళ్లాయన 30 అయిపోతాడు. 1911 కాస్త నయం, ఆ ఫారం ఇంటి పెద్దే తన చేత్తో నింపేవాడు, ఊరు కూడా అడిగారు, అందుకే మీ మనిషి 1911 దాకా బతికుంటే ముందు అది తెరవండి.

అది లేకపోతే ఏం చేయాలి అంటే, వలస వచ్చినాయన్ని కాసేపు పక్కన పెట్టండి. ఆయన పిల్లల్ని చూడండి.

ఉదాహరణకి 1881 సెన్సస్‌లో న్యూకాజిల్‌లో ఓడలు కట్టే యార్డులో పనిచేసే ఒకతను అనుకుందాం. భార్యాభర్తలిద్దరూ స్కాట్లండ్, పెద్ద కొడుక్కి 9 ఏళ్లు స్కాట్లండ్, కూతురికి 7 స్కాట్లండ్, చిన్నోడికి 4, వాడు మాత్రం న్యూకాజిల్. అంటే వీళ్లు 1874కీ 1877కీ మధ్యలో దిగారన్నమాట, ఇది మంచిదే కానీ అసలు బంగారం ఆ ఏడేళ్ల పిల్ల. ఆ అమ్మాయి 1874 ప్రాంతంలో స్కాట్లండ్‌లో పుట్టింది, స్కాట్లండ్‌లో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ 1855 జనవరి 1న మొదలైంది (ఇంగ్లండ్‌లో 1837 జులైలోనే మొదలైంది, వీళ్లు ఆలస్యంగా వచ్చినా పని మాత్రం శుభ్రంగా చేశారు), కాబట్టి ఆమె బర్త్ ఎంట్రీ ఉంటుంది. స్కాట్లండ్ బర్త్ ఎంట్రీలో అమ్మానాన్నల పెళ్లి ఏ తేదీన ఏ ఊళ్లో జరిగిందో కూడా రాస్తారు! 1856 నుంచి 1860 మధ్య మాత్రం ఈ వివరం ఉండదు, మిగతా సంవత్సరాల్లో ఉంటుంది. ఇంగ్లండ్ బర్త్ సర్టిఫికెట్‌లో ఇది ఎంత వెతికినా దొరకదు.

ఇప్పుడు ఆ తేదీ పట్టుకుని పెళ్లి ఎంట్రీ తీయండి. అందులో పెళ్లికొడుకు అమ్మానాన్నలు, పెళ్లికూతురు అమ్మానాన్నలు, నలుగురి పేర్లూ ఉంటాయి, తల్లులకైతే పుట్టింటి ఇంటిపేరుతో సహా. ఇంగ్లండ్ పెళ్లి సర్టిఫికెట్‌లో 2021 దాకా తండ్రుల పేర్లే రాసేవాళ్లు, తల్లి అనే మనిషి ఉందన్న గుర్తే ఉండదు. ఒక చిన్న పిల్లని పట్టుకుంటే రెండు తరాలు పైకి వెళ్లిపోయాం చూశారా.

ఇవన్నీ స్కాట్లండ్స్‌పీపుల్ అనే ప్రభుత్వ సైట్‌లో ఉంటాయి. అకౌంట్ పెట్టుకుంటే వెతకడం ఫ్రీ, ఇమేజ్ చూడాలంటే క్రెడిట్స్ కొనాలి, ఇంగ్లండ్ సర్టిఫికెట్ ఖరీదుతో పోలిస్తే ఇది చిల్లర. అయినా కనిపించినవన్నీ క్లిక్ చేసుకుంటూ పోకండి, ముందు వయసు, ప్రాంతం పెట్టి వడకట్టండి, జాన్ స్మిత్‌లు, విలియం బ్రౌన్‌లు వాళ్లకి వీధికొకడు. మెక్ పేర్లు కూడా జాగ్రత్త, ఒకే మనిషి ఒక చోట ఎం, సీ అని రెండక్షరాలతో, ఇంకో చోట మధ్యలో ఏ చేర్చి మూడక్షరాలతో కనిపిస్తాడు, రెండు రకాలుగా వెతకాలి.

పిల్లలందరూ ఇంగ్లండ్‌లోనే పుట్టుంటే? అప్పుడు స్కాట్లండ్‌లోనే ఉండిపోయిన అన్ననో చెల్లినో వెతకాలి. వాళ్లు 1855 తర్వాత అక్కడ చనిపోతే డెత్ ఎంట్రీలో తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉంటాయి, ఇంగ్లండ్ డెత్ సర్టిఫికెట్‌లో వాటికి గడే ఉండేది కాదు. పెళ్లయిన ఆడవాళ్లని పుట్టింటి పేరుతోనూ అత్తింటి పేరుతోనూ ఇండెక్స్ చేశారు, అది మనకి వరం. కానీ ఆ అన్నాచెల్లెళ్లు ఎవరో తెలియాలిగా, దానికి వీలునామాలు, సమాధి రాళ్లు, సెన్సస్‌లో "మేనకోడలు", "బావమరిది" అని రాసిన చుట్టాలు పనికొస్తారు.

1855 కన్నా ముందుకి వెళ్తే పేర్లు పెట్టే అలవాటు ఒకటి సాయం చేస్తుంది. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు, పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు. తాత పేరు పెట్టుకున్న మనవలున్న మన ఇళ్లలో దీన్ని పెద్దగా వివరించక్కర్లేదు. ఇది నిజంగా పనిచేస్తుందా అంటే అందరికీ తెలిసిన ఒక కుటుంబం మీద చూద్దాం, ఒకప్పటి బ్రిటన్ ప్రధాని విలియం ఎవర్ట్ గ్లాడ్‌స్టన్ ఇల్లు. తండ్రి జాన్ ఎడిన్‌బరో పక్కన లీత్‌లో 1764లో పుట్టి, 1787లో లివర్‌పూల్ వచ్చి స్థిరపడ్డాడు. పెద్ద కొడుకు థామస్ (1804), లీత్‌లో ధాన్యం వ్యాపారం చేసిన తాత పేరూ థామసే. రెండోవాడు రాబర్ట్‌సన్ (1805), అది తల్లి పుట్టింటి ఇంటిపేరు. మూడోవాడు జాన్ నీల్సన్ (1807), జాన్ తండ్రి పేరు, నీల్సన్ నాయనమ్మ పుట్టింటి పేరు. పెద్ద కూతురు ఆన్ మెకెంజీ, అది అమ్మమ్మ వైపు. అబ్బ, లెక్క ఎంత బాగా కుదిరిందో!

నాలుగోవాడు 1809లో పుట్టిన విలియం ఎవర్ట్ దగ్గరికొచ్చేసరికి, మధ్యలో ఇంటిపేరు లాంటిది కనపడింది కదా అని ఎవర్ట్ వంశాన్ని వెతుక్కుంటూ పోతే మునిగిపోతాం, విలియం ఎవర్ట్ అనేది లివర్‌పూల్‌లో తండ్రికి స్నేహితుడైన ఒక వ్యాపారి పేరు. అందుకే ఈ అలవాటుని దారి చూపించే గుర్తుగా వాడండి, సాక్ష్యంగా చెట్టులో ఎక్కించకండి. ఇంకో రెండు చిక్కులు ఇదే ఇంట్లో ఉన్నాయి. 1835 దాకా వీళ్ల ఇంటిపేరు చివర ఎస్ ఉండేది, గ్లాడ్‌స్టన్స్, తర్వాత రాజు అనుమతితో తీసేశారు, కాబట్టి పాత రికార్డుల్లో కొత్త పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. రెండోది మతం, ప్రెస్బిటేరియన్‌గా (స్కాట్లండ్ చర్చి మనిషిగా) వచ్చిన జాన్ తర్వాత ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) వైపు మారాడు, కొడుకు బాప్టిజం లివర్‌పూల్ సెయింట్ పీటర్స్‌లో జరిగింది. మీ వాళ్లని ఒక్క స్కాచ్ చర్చిలోనే వెతికి లేరనుకోకండి, పక్కనున్న ఆంగ్లికన్ పారిష్ (ఒక చర్చి కిందుండే ప్రాంతం) రిజిస్టరు కూడా తిప్పండి.

వెతుకుతుంటే నచ్చనివి కూడా బయటపడతాయి. ఈ జాన్‌కి డెమెరారాలో (ఇప్పటి గయానాలో ఒక ప్రాంతం) తోటలు, బానిసలు ఉండేవాళ్లు, బానిసత్వం రద్దయినప్పుడు ప్రభుత్వం ఆయనకి లక్ష పౌండ్లకి పైగా నష్టపరిహారం ఇచ్చింది, ఆ తర్వాత 1838లో కలకత్తా నుంచి కూలీలని ఓడల్లో ఆ దేశానికి తెప్పించినవాళ్లలో ఈయనొకడు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పెట్టిన పరిహారాల డేటాబేస్‌లో ఇలాంటి పేర్లు వెతుక్కోవచ్చు, దొరికితే దొరికినట్టే రాసుకోండి, చెట్టులోంచి కొమ్మ నరికేయకండి.

ఈ వారం పని: మీ సెన్సస్ పేజీల్లో స్కాట్లండ్‌లో పుట్టిన పిల్లల్లో అందరికన్నా చిన్నవాళ్లని ఒకరిని ఎంచుకుని, పుట్టిన సంవత్సరానికి అటూ ఇటూ రెండేళ్లు పెట్టి ఇండెక్స్‌లో వెతకండి, తల్లిదండ్రుల పేర్లు కలిస్తేనే క్రెడిట్ ఖర్చు పెట్టండి. 4వ భాగంలో 1855కి ముందున్న పారిష్ రిజిస్టర్లలోకి దిగుదాం, వాటిలో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరోల్‌ది, 1553 నుంచి ఉంది, అయితే స్కాట్లండ్ అధికారిక చర్చి నుంచి విడిపోయిన ఫ్రీ చర్చ్ లాంటి చర్చిల పిల్లలు వీటిలో తరచు కనపడరు, వాళ్ల సంగతి అప్పుడే చెప్తా.