రూమ్ ఖర్చుల షీట్ పెట్టేముందు తేదీల సంగతి చూసుకోండి

మా డల్లాస్ అపార్ట్‌మెంట్లో జనవరి మొదట్లో దిగిన కుర్రాడు మార్చి నెలాఖరున ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "అన్నా, మే ఇంకా రానేలేదు, మే ఖర్చు 212 డాలర్లు చూపిస్తోంది!" నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. నేనూ ఆ గోతిలో పడి లేచినవాణ్ణే.

మనం మార్చి 5 అనుకుని 05/03/2025 కొడతాం. అమెరికా సెట్టింగులో ఉన్న షీట్ నెలని ముందు, రోజుని తర్వాత చదువుతుంది, అందుకే దాన్ని మే 3 అని రాసుకుంటుంది, కిక్కురుమనదు. 25/03/2025 కొడితే 25వ నెల లేదు కాబట్టి ఉత్త అక్షరాల కింద జమ కడుతుంది, ఇక ఏ నెల మొత్తంలోనూ అది కలవదు. కుర్రాడి మే లెక్క అంటే మూడు నెలల్లో 5వ తేదీల ఖర్చంతా. అతని మార్చిలో జనవరి 3, ఫిబ్రవరి 3 సరుకులు వచ్చి కూర్చున్నాయి.

నా మొదటి ఏడాది రూమ్మేట్ 86 డాలర్లు తక్కువిచ్చాడని రెండు వారాలు అతనితో మాట్లాడలేదు. ఉన్నది ఒకటే వంటగది, ఒకటే రైస్ కుక్కర్. చివరికి చూస్తే తప్పు నా షీట్‌లోనే ఉంది.

అందుకే బాబూ, 2025-03-05 అని ఏడాది ముందు పెట్టి కొట్టండి. ఎక్కడైనా ఒకేలా తీసుకుంటుంది. గూగుల్ షీట్స్‌లో లొకేల్‌ని (ఏ దేశం పద్ధతో చెప్పే సెట్టింగుని) ఇండియాకి మార్చుకోవచ్చు, కానీ ఖాళీ షీట్‌గా ఉన్నప్పుడే మార్చాలి. అప్పటికే మే 3గా పడింది మళ్లీ మార్చి 5 కాదు. పాత షీట్ ఉంటే తేదీల కాలమ్‌ని నెల పేరు కనిపించేలా ఫార్మాట్ చేసి ఒక్కో వరసా చూడండి. గడిలో ఎడమవైపు అంటుకున్నవి తేదీలు కావు, ఉత్త అక్షరాలు. బద్ధకించకండి.

ఫార్ములా ఏముంది! ఎ కాలమ్‌లో తేదీ, బి లో డబ్బు, డి1లో నెల మొదటి తేదీ ఉంటే: =సమ్‌ఇఫ్స్(బి:బి, ఎ:ఎ, ">="&డి1, ఎ:ఎ, "<"&ఈడేట్(డి1,1)). కొట్టేది ఇంగ్లీషు అక్షరాల్లోనే: సమ్‌ఇఫ్స్ అంటే SUMIFS, ఈడేట్ అంటే EDATE, కాలమ్‌లు A, B, D. మంత్ ఫంక్షన్ జోలికి పోవద్దు, నిరుటి మార్చినీ ఈ మార్చినీ కలిపేస్తుంది.

ఉద్యోగంలో చేరాక రెండు వారాలకోసారి జీతమైతే ఏడాదికి 26 చెక్కులు. ఏవో రెండు నెలల్లో మూడేసి పడతాయి. ఆ నెల మొత్తం చూసి జీతం పెరిగిందనుకుని సోఫా కొనకండి. నేను కొన్నాను.

ఇంత చదివీ ఫార్ములా కుదరకపోతే, సరే, మరీ కంగారు లేదు. ఫిల్టర్ పెట్టి ఆ నెల గడులు సెలెక్ట్ చేస్తే కింద కుడి మూలన మొత్తం కనిపిస్తుంది. నేనూ మొదటి ఆర్నెల్లు అలాగే నెట్టుకొచ్చాను.