కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) క్రిస్టల్ మీద ఫెమ్టోసెకండ్ (అతి పొట్టి పల్సుల) లేజర్ వేసి అయాన్లు లేపడం ఎలా

ముందే చెప్తున్నా, పవర్ పెంచితే సిగ్నల్ పెరుగుద్ది కదా అని తొందరపడొద్దు. నేను అలాగే చేసి పెద్ద పీక్ వచ్చిందని తెగ సంబరపడ్డా, తీరా క్రిస్టల్ బయటికి తీసి చూస్తే సర్ఫేస్ మీద గుంట, అంటే నేను చేసింది డిసార్ప్షన్ (సర్ఫేస్ చెడకుండా అయాన్లని ఊడదీయడం) కాదు, తవ్వకం.

ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రం తీసేప్పుడు పెల్లెట్ కొడతాం చూడండి, అదే పొటాషియం బ్రోమైడ్, కాకపోతే పొడి పనికిరాదు, సింగిల్ క్రిస్టల్ కావాలి. బ్లేడ్ ఆనించి టక్కున ఒక్క దెబ్బ వేస్తే 100 ప్లేన్ అనే పరమాణువుల పొర వెంట నున్నగా విడిపోద్ది. వానాకాలం ఉప్పుడబ్బా లాగే ఇదీ చెమ్మ పీల్చేస్తుంది, కాబట్టి విడగొట్టగానే చాంబర్‌లో పెట్టేసి, వాక్యూమ్ 10 టు ద పవర్ మైనస్ 9 టార్ దాకా లాగి, క్రిస్టల్‌ని కాస్త వేడిచేసి నీళ్లు పోగొట్టండి.

టైటానియం సఫైర్ లేజర్ ఇచ్చే 800 నానోమీటర్లలో ఒక్కో ఫోటాన్‌కి 1.55 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్ట్, శక్తి కొలత) మాత్రమే, కేబీఆర్ బ్యాండ్ గ్యాప్ (లోపలి ఎలక్ట్రాన్‌ని పైకి లేపడానికి కావాల్సిన కనీస శక్తి) ఏమో 7.4 దాకా ఉంది. అందుకే థర్డ్ హార్మోనిక్, అంటే ఫ్రీక్వెన్సీని మూడింతలు చేసి 266 నానోమీటర్లకి వెళ్తాం, 4.66 ఈవీ, రెండు ఫోటాన్లు కలిస్తే గ్యాప్ దాటేస్తాయి. లెన్స్ ఫ్యూజ్డ్ సిలికాదే వాడండి, మామూలు గాజు దీన్ని మింగేస్తుంది. ఈ బీమ్ కంటికి కనబడదు, గాగుల్స్ లేకుండా దగ్గరికి వెళ్లొద్దు.

ఇక వచ్చింది పొటాషియమేనా అని తేల్చుకోవాలి. 2000 వోల్టులతో తోసి 1 మీటరు ట్యూబ్‌లో వదిలితే 39 మాస్ అయాన్ సుమారు 10 మైక్రోసెకండ్లకి డిటెక్టర్‌కి తగులుద్ది, 41 మాస్‌ది (పొటాషియంలోనే కాస్త బరువైన ఐసోటోప్) 10.3 దగ్గర, సైజులో దాదాపు 14వ వంతు. ఆ బుల్లి పీక్ లేకపోయినా, మరీ పెద్దగా ఉన్నా, డిటెక్టర్ సాచురేట్ అయిందేమో చూడండి. 7.7 దగ్గర ఏదన్నా లేస్తే అది సోడియం, ప్రతి ఉప్పులోనూ కొంచెం ఉంటుంది లెండి.

తర్వాత పల్స్ ఎనర్జీ కొంచెం కొంచెం మారుస్తూ, దానికి అయాన్ సిగ్నల్ ఎంతో లాగ్-లాగ్ గ్రాఫ్ (రెండు వైపులా లాగరిథమ్ స్కేల్) గీయండి. రెండు ఫోటాన్ల లెక్కన స్లోప్ 2 రావాలి, 2 కన్నా ఎక్కువొస్తే కంగారుపడకండి, అయాన్ ఊడి రావాలంటే ఒక్క ఎక్సైటేషన్ చాలకపోవచ్చు. కానీ ఎక్కడైనా లైన్ ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచిందంటే అక్కడ అబ్లేషన్ (మొదట చెప్పిన ఆ తవ్వకమే) మొదలైనట్టే, దానికి బాగా కిందే ఉండండి.

అసలు మజా రెండు పల్సులతో, బీమ్‌ని రెండుగా చీల్చి ఒకదాన్ని డిలే స్టేజ్ మీదుగా పంపాలి, స్టేజ్ 0.15 మిల్లీమీటర్లు జరిగితే 1 పికోసెకండ్ ఆలస్యం, ఎందుకంటే వెలుతురు పోవాలి, రావాలి. మొదటి పల్స్ పుట్టించిన ఎక్సైటేషన్ ఎంతసేపు బతికిందో రెండోది చెప్పేస్తుంది. మధ్యమధ్యలో క్రిస్టల్‌ని చూస్తుండండి, నీలం మచ్చ కనబడితే ఎఫ్ సెంటర్లు (బ్రోమైడ్ ఊడిపోయిన ఖాళీలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు) పేరుకున్నాయని, వెంటనే స్పాట్ మార్చేయండి.