కలిసి పనిచేసేచోట ఇంగ్లీషు నుడికారం: ఏ మాట ఎంత ఘాటు, ఎవరితో అనాలి

మీటింగుల్లో మినిట్స్ రాయడం నా ఉద్యోగంలో ఒక భాగం. నలుగురు గంటసేపు వాదించుకున్నదాన్ని ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీకి కుదించి, మళ్లీ ఆ నలుగురికే పంపాలి. జరిగింది దాచకూడదు. అలాగని చదివాక ఎవరి మనసూ కొత్తగా విరగకూడదు. ఈ పని చేస్తూ నాలో స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. సహకారానికీ తగాదాకీ సంబంధించిన ఇంగ్లీషు మాటలకు అర్థం తెలిస్తే సగమే తెలిసినట్టు. ఆ మాట ఎంత ఘాటైనదో, దాన్ని ఎవరు ఎవరితో అనవచ్చో తెలిస్తేనే మిగతా సగం.

అందుకే ఈ మాటలను అక్షరక్రమంలో రాసుకోవద్దంటాను. ఒక తగాదా నడిచే వరుసలోనే రాసుకోండి: కలిసి మొదలుపెట్టడం, పని పంచుకోవడం, అభిప్రాయాలు తేడా రావడం, మాటా మాటా పెరగడం, తెగేదాకా లాగడం, మళ్లీ దగ్గరవడం. ప్రతి జాతీయానికీ ఒక పూర్తి వాక్యం రాయండి. పక్కన మూడు సంగతులు చేర్చండి: అన్నది ఎవరు, ఎవరితో, ఎదురుగానా చాటుగానా. ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఉదాహరణకు 'నాట్ పుల్లింగ్ హిజ్ వెయిట్' అనే మాట. పడవ పందేల నుంచి వచ్చింది. పడవలో కూర్చున్న ప్రతివాడూ కనీసం తన బరువును కదిలించేంత బలంగా తెడ్డు వేయాలి, లేకపోతే మిగతావాళ్లు అతన్ని మోస్తున్నట్టే. 'తన వంతు పని చేయడం లేదు' అని అర్థం తెలుసుకుని ఊరుకుంటే, ఇది చాలావరకు మనిషి లేనప్పుడు అనే ఫిర్యాదు అని తెలియదు. ఎదురుగా అంటే నేరుగా నింద వేసినట్టు. ఎదురుగా అనాల్సి వస్తే 'వి కుడ్ యూజ్ మోర్ హెల్ప్ ఫ్రమ్ యూ ఆన్ దిస్' అంటే సరిపోతుంది.

ముందుగా భేదాభిప్రాయపు మెట్లు నేర్చుకోండి, ఎందుకంటే రోజూ పనికొచ్చేవి అవే. అన్నిటికన్నా కింది మెట్టు 'క్వెరీ': అడుగుతున్నాను, అంతే. దాని పైన 'కన్సర్న్': నాకు కొంచెం గుబులుగా ఉంది, చూడండి. ఆ పైన 'రిజర్వేషన్స్'. ఈ మాట వినగానే మనకు రైలు టిక్కెట్లో కోటాలో గుర్తొస్తాయి. చర్చలో 'ఐ హ్యావ్ రిజర్వేషన్స్ అబౌట్ దిస్' అంటే మాత్రం, పూర్తిగా కాదనలేను గానీ మనస్ఫూర్తిగా ఔననలేను అని. ఆ తర్వాత 'అబ్జెక్షన్': ఇది నాకు సమ్మతం కాదు. 'అపోజ్' అంటే దీన్ని ఆపడానికి నేను పనిచేస్తాను. ఇక 'డిసెంట్' వేరే జాతి మాట. నిర్ణయం జరిగిపోయింది, దాన్ని నేను ఆపలేకపోయాను, అయినా ఒప్పుకోలేదని నమోదు చేయండి అని అడగడం అది. కన్సర్న్ వెలిబుచ్చిన మనిషి గురించి మినిట్స్‌లో 'అబ్జెక్టెడ్' అని రాస్తే, ఆమె అనని యుద్ధం ఆమె చేసినట్టవుతుంది. ఇది చిన్న తేడా కాదు. తర్వాతి మీటింగుకు జనం ఆ కాగితం చేతపట్టుకునే వస్తారు.

గొడవ పేర్లకూ ఇలాంటి మెట్లున్నాయి. 'మిస్‌అండర్‌స్టాండింగ్' దగ్గర ఎవరి తప్పూ లేదు. 'డిఫరెన్స్ ఆఫ్ ఒపీనియన్' మర్యాదైన మాట. 'డిస్ప్యూట్'కు కాగితాలూ హక్కులూ ఉంటాయి. 'ఫ్యూడ్' అంటే ఏళ్ల తరబడి సాగే పగ. ఈ మధ్యలో బ్రిటిష్‌వాళ్లు తెగ వాడే ఒక చిన్న మాట ఉంది: గట్టిగా అరుచుకున్న తగాదా. దాని స్పెల్లింగు వరుస అనే అర్థమున్న 'రో' లాగే ఉంటుంది, ఉచ్చారణ మాత్రం 'రౌ'. వార్తల్లో కనిపించగానే వరుస అనుకుని దాటిపోకండి.

ఇప్పుడు విభక్తుల పని చేసే చిన్న మాటలు. మన భాషలో 'తో' ఒక్కటే ఎన్నో బరువులు మోస్తుంది కాబట్టి ఇంగ్లీషులో అన్నిచోట్లా 'విత్' పెట్టేస్తాం. మనిషితోనో అభిప్రాయంతోనో ఏకీభవిస్తే 'అగ్రీ విత్', ప్రతిపాదనకు సమ్మతిస్తే 'అగ్రీ టు', ఇద్దరూ కలిసి ఒక తేదీనో మొత్తాన్నో ఖరారు చేసుకుంటే 'అగ్రీ ఆన్'. 'అయామ్ అగ్రీ' అనకూడదు, 'ఐ అగ్రీ' చాలు. 'డిస్కస్' పక్కన 'అబౌట్' అక్కర్లేదు. 'ఫైట్ విత్' దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి: అతనితో కలిసి పోరాడారా, అతని మీద పోరాడారా అన్నది ఆ రెండు మాటల్లో తేలదు. మొదటిదైతే 'అలాంగ్‌సైడ్', రెండోదైతే 'అగెనెస్ట్' అని రాస్తే ఎవరూ తికమక పడరు. చిన్న తేడాతో అర్థం తలకిందులయ్యే జంట కూడా ఒకటుంది. 'హ్యాడ్ ఎ వర్డ్ విత్ హర్' అంటే ఆమెతో పక్కకు వెళ్లి ఒక మాట చెప్పాను. 'హ్యాడ్ వర్డ్స్ విత్ హర్' అంటే మాటా మాటా అనుకున్నాం.

ఒకసారి నాకు దిద్దమని వచ్చిన మెయిలు సంగతి చెబుతాను. రాసినవారు చాలా మెతక మనిషి. నివేదికకు కావాల్సిన అంకెలు మరో బృందం నుంచి రాలేదు. ఆయన రాసింది: 'యూ పీపుల్ ఆర్ నాట్ కోఆపరేటింగ్. ఆల్వేస్ యూ ఆర్ డిలేయింగ్.' ఆయన మనసులో తెలుగు వాక్యం ఉంది: 'మీరు సహకరించడం లేదండీ, ప్రతిసారీ ఆలస్యమవుతోంది.' తెలుగులో ఆ 'మీరు', 'అండీ' కోపాన్ని సగానికి తగ్గిస్తాయి. ఇంగ్లీషులోకి వచ్చేటప్పటికి ఆ గౌరవం దారిలో రాలిపోయింది. 'యూ పీపుల్' అనగానే మీరొక జాతి, మేమొక జాతి అని గీత గీసినట్టు వినిపిస్తుంది. 'నాట్ కోఆపరేటింగ్' విచారణాధికారి నోట వినే మాట. 'ఆల్వేస్' ఒక ఆలస్యాన్ని తీసుకెళ్లి ఆ మనుషుల స్వభావానికి అంటగడుతుంది. దిద్దిన తర్వాత ఇలా వెళ్లింది: 'వి ఆర్ స్టిల్ వెయిటింగ్ ఫర్ ద ఫిగర్స్. కుడ్ యూ లెట్ అస్ నో వాట్ ఈజ్ హోల్డింగ్ దెమ్ అప్?' ఇందులో ఆలస్యానికి కర్త మనుషులు కాదు. అడ్డు పడుతున్నది ఏదో ఒక వస్తువు, దాన్ని ఇద్దరం కలిసి చూద్దాం అన్నట్టుంది. ఘాటు తగ్గించడానికి నేను నమ్మే పద్ధతి ఇదే: నింద వాక్యంలో 'యూ' కర్తగా ఉంటే దాన్ని తీసి, ఆగిపోయిన పనిని కర్తను చేయండి.

సహకారం వైపు మాటలు తేలిగ్గా కనిపిస్తాయి. 'పిచ్ ఇన్' అంటే మనం తలో చెయ్యి వేయడం అంటామే, అదే. 'ఆన్ ద సేమ్ పేజ్' అంటే అందరికీ ఒకే అవగాహన ఉండటం, 'సీ ఐ టు ఐ' అంటే ఒకే అభిప్రాయం ఉండటం. ఈ రెండూ ఒకటి కావు. ఒక విషయం మీద మనిద్దరి అవగాహనా ఒకటే అయి, అభిప్రాయాలు వేరుగా ఉండవచ్చు. 'మీట్ హాఫ్‌వే' రాజీకి మంచి మాట. ఇక 'టో ద లైన్' దగ్గర ఆగాలి. గీత మీద కాలి వేళ్లు ఆనించి నిలబడటం అనే చిత్రం అది, చెప్పినట్టు నడుచుకోవడం అని అర్థం. ఇష్టం లేకపోయినా లొంగడం అనే ఛాయ ఉంటుంది కాబట్టి ఎవరినీ దీనితో మెచ్చుకోకండి. లాగడం అనే అర్థమున్న 'టో' స్పెల్లింగుతో రాయడం ఇంగ్లీషువాళ్లే తరచు చేసే పొరపాటు.

'కొలాబరేట్' మాటకు చరిత్ర మచ్చ పెట్టింది. 1940 అక్టోబరులో ఫ్రాన్స్ పాలకుడు పెటాన్ హిట్లర్‌ను కలిసి జర్మనీతో సహకార మార్గం పడుతున్నానని ప్రకటించాడు. అప్పటి నుంచి ఆక్రమించుకున్న శత్రువుకు తోడ్పడేవాడిని 'కొలాబరేటర్' అంటున్నారు. పరిశోధనలోనో సంగీతంలోనో 'కొలాబరేటర్' అంటే గౌరవమే. యుద్ధమో ఆక్రమణో ప్రస్తావనలో ఉన్నప్పుడు మాత్రం అది ద్రోహి అనే మాట. ఇలాగే దారి మారిన మరో మాట 'గంగ్ హో'. చైనాలో 1930ల చివర పుట్టిన పారిశ్రామిక సహకార సంఘాల పేరుకు అది కురచ రూపం. అమెరికన్ మెరైన్ అధికారి ఇవాన్స్ కార్ల్‌సన్ దాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో తన దళానికి కలిసి పనిచేద్దాం అనే నినాదంగా తీసుకున్నాడు. ఈనాడు ఇంగ్లీషులో అది అతి ఉత్సాహమనే అర్థానికి వచ్చింది, కొద్దిగా ఎగతాళితో సహా. కాబట్టి సహోద్యోగిని పొగడటానికి పనికిరాదు.

గొడవ ముదిరాక వినిపించే వాటిలో కొన్ని మనకు అచ్చంగా దొరుకుతాయి. 'స్టాబ్ ఇన్ ద బ్యాక్' వెన్నుపోటే. 'యాడ్ ఫ్యూయెల్ టు ద ఫైర్' అగ్నికి ఆజ్యం పోయడమే. కానీ 'సిట్ ఆన్ ద ఫెన్స్' మన గోడ మీది పిల్లికి సరిసమానం కాదు. మన పిల్లి లాభం ఎటుంటే అటు దూకడానికి కాచుకుని ఉంటుంది. ఇంగ్లీషు కంచె మీద కూర్చున్నవాడు ఎటూ తేల్చుకోలేనివాడు, లేదా తేల్చి చెప్పనివాడు, అంతే. 'స్కేప్‌గోట్' బలిపశువుకు దగ్గర. విలియం టిండేల్ 1530లో బైబిలు అనువదిస్తూ కూర్చిన మాట, జనం పాపాలు మోయించి అడవికి తోలేసే మేక అక్కడిది. 'త్రో సమ్‌వన్ అండర్ ద బస్' ఈ కాలపు అమెరికన్ మాట: తాను తప్పించుకోవడానికి తోటివాడిని ముందుకు తోసేయడం. స్కేప్‌గోట్‌ను గుంపంతా చేస్తుంది, బస్సు కిందకు ఒకడు తోస్తాడు. ఈ రెండింటిలో ఏది అనాలో ఆ తేడాను బట్టి తేల్చుకోండి.

వెలివేతకు 'బాయ్‌కాట్' ఉంది. అది ఒక మనిషి ఇంటిపేరు. 1880లో ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ ఒక భూస్వామి ఏజెంటు. కౌలు తగ్గింపు కోసం పోరాడుతున్న రైతులకు మద్దతుగా కూలీలు, దుకాణదారులు, చుట్టుపక్కలవాళ్లు అతనితో లావాదేవీలన్నీ మానేశారు. కొద్ది నెలల్లోనే అతని పేరు క్రియగా మారింది. వాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: బాయ్‌కాట్‌కు ఒక డిమాండు ఉంటుంది. ఊరికే ఒకరిని పలకరించకుండా దూరం పెట్టడాన్ని 'ఆస్ట్రసైజ్' అనాలి. ఆ మాట ప్రాచీన ఏథెన్స్‌లో కుండ పెంకుల మీద పేరు గీసి ఓటేసి, ఒక వ్యక్తిని పదేళ్లు నగరం నుంచి పంపేసే పద్ధతి నుంచి వచ్చింది.

రెండు దేశాలవాళ్లు ఉన్న మీటింగులో 'టేబుల్' క్రియను అసలు వాడవద్దని నా గట్టి సలహా. బ్రిటన్‌లో ఒక ప్రతిపాదనను 'టేబుల్' చేయడం అంటే చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఒక్క మాట మీద బ్రిటిష్, అమెరికన్ అధికారుల మధ్య పెద్ద వాదన నడిచిందని చర్చిల్ రాశాడు. వాళ్లిద్దరూ కోరుకుంటున్నది ఒకటేనని చివరికి తేలిందట. 'డిస్కస్ నౌ' అనో, 'పోస్ట్‌పోన్' అనో రాస్తే ఇంత గొడవ ఉండదు.

ఎదురు వాదనను శత్రుత్వం లేకుండా వినిపించడానికి 'లెట్ మీ ప్లే డెవిల్స్ అడ్వొకేట్' చాలా ఉపకరిస్తుంది. క్యాథలిక్ చర్చిలో ఒకరిని పునీతుల జాబితాలో చేర్చేముందు, ఆ వ్యక్తికి వ్యతిరేకంగా వాదించడానికే ఒక అధికారిని పెట్టేవారు, అతన్నే 'డెవిల్స్ అడ్వొకేట్' (సైతాను వకీలు) అనేవారు. 1587లో మొదలైన ఆ పదవిని 1983 సంస్కరణలు చాలావరకు తగ్గించాయి. ఈ మాటతో మొదలుపెడితే వాదన మీది, శత్రుత్వం మీది కాదు. అయితే నిజంగా మీ అభిప్రాయమే అయినప్పుడు దీని చాటున దాక్కోకండి, రెండోసారికే అందరికీ తెలిసిపోతుంది. 'విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్' పైకి గౌరవంలా ఉన్నా, విన్నవాళ్లు దెబ్బకు సిద్ధమవుతారు. దాని బదులు 'ఐ సీ ఇట్ డిఫరెంట్లీ' అనండి. ఎదుటివారు 'ఐ హియర్ యూ' అంటే విన్నాను అని మాత్రమే, ఒప్పుకున్నాను అని కాదు. మినిట్స్‌లో 'అగ్రీడ్' అని ఎక్కించేముందు అడిగి తేల్చుకోవాల్సిన చోటు ఇది.

సాధనకు ఒక పద్ధతి చెబుతాను. మీరు చూసిన ఒక చిన్న తగాదా తీసుకుని, దాన్నే ఇంగ్లీషులో మూడు వాక్యాలుగా రాయండి: ఒకటి ఎదుటివాళ్లకు మెయిలు, రెండోది స్నేహితురాలికి చెప్పే మాట, మూడోది మినిట్స్. జాతీయాలు ఎక్కువగా రెండోదాంట్లో పడతాయి. మొదటిదాంట్లో ఒకటి ఉంటే సరే. మూడోదాంట్లో ఒక్కటి కూడా ఉండకూడదు. 'లాక్డ్ హార్న్స్' అని మినిట్స్‌లో రాస్తే ఇద్దరు పెద్దమనుషులు కొమ్ములు పెట్టుకున్న పొట్టేళ్లయిపోతారు.

సర్దుబాటు మాటలు కొన్నే ఉన్నాయి, కానీ ఎవరు అనాలన్నదే వీటిలో అసలు విషయం. 'క్లియర్ ద ఎయిర్' ఎవరైనా అనవచ్చు: మనసులో ఉన్నది మాట్లాడేసుకుందాం. 'ఆలివ్ బ్రాంచ్' అంటే రాజీకి చాచే చెయ్యి. చాచినవారే అది ఆలివ్ కొమ్మ అని చెప్పుకోరు, చూసినవాళ్లు చెబుతారు. 'బరీ ద హ్యాచెట్' ఉత్తర అమెరికా మూలవాసులు శాంతి కుదిరినప్పుడు ఆయుధాన్ని పాతిపెట్టే ఆచారం నుంచి వచ్చింది, కాబట్టి ఇద్దరూ పోట్లాడిన చోటే నప్పుతుంది. ఒకరే కొట్టి, ఒకరే పడ్డ చోట పనికిరాదు. 'లెట్ బైగోన్స్ బి బైగోన్స్', అంటే జరిగిందేదో జరిగింది, మరిచిపోదాం అనే హక్కు దెబ్బతిన్నవారిది. తప్పు చేసినవారు అనాల్సింది 'అయామ్ సారీ, ఐ వాంట్ టు మేక్ ఇట్ రైట్'. ఇక ఎంతకీ తెగని చోట 'అగ్రీ టు డిసగ్రీ' ఉంది: ఎవరి అభిప్రాయం వారిదే, ఇక్కడితో వదిలేద్దాం అని. దీన్ని ఇద్దరూ ఒప్పుకున్నాకే వాడాలి. ఒకరు ఏకపక్షంగా అంటే నోరు మూయించినట్టే ఉంటుంది. ఆ పరిస్థితిలో మినిట్స్‌లో రెండు అభిప్రాయాలనూ పేర్లతో, ఒకే పొడవున్న రెండు వాక్యాల్లో రాసి, కింద మళ్లీ ఎప్పుడు చర్చిస్తారో ఆ తేదీ వేయండి.