మెక్సికోలో సిమ్ ఎంచుకోవడం: ముందు ఫోన్, తర్వాత నెట్‌వర్క్, ఆఖరున కంపెనీ

గ్వాదలహారా, మోంతెర్రే, మెక్సికో సిటీ లాంటి ఊళ్లకు ఉద్యోగం మీద వెళ్లే మనవాళ్లు ముందుగా అడిగేది "అక్కడ ఏ కంపెనీ సిమ్ మంచిది?" అని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది మీ ఫోన్ అక్కడి సిగ్నల్‌ను అందుకోగలదా లేదా అన్నది. ఇండియాలో కొన్న ఫోన్‌తో మెక్సికోలో నెట్ నత్తనడక నడిస్తే చాలాసార్లు కారణం కంపెనీ కాదు, బ్యాండ్లు, అంటే సిగ్నల్ ప్రయాణించే ఫ్రీక్వెన్సీలు.

మన దగ్గర అమ్మే బడ్జెట్ ఫోన్లు చాలావాటిలో 4జీకి 1, 3, 5, 8, 40, 41 బ్యాండ్లే ఉంటాయి. జియో, ఎయిర్‌టెల్‌కు అవి సరిపోతాయి. మెక్సికోలో టెల్‌సెల్, ఏటీ అండ్ టీ కంపెనీల 4జీ నడిచేది ముఖ్యంగా 2, 4, 5, 7, 66 బ్యాండ్ల మీద. ఈ రెండు జాబితాల్లోనూ ఉన్నది 5 ఒక్కటే. అలాంటి ఫోన్‌లో టవర్ గీతలు నిండుగా కనిపించినా వీడియో కాల్ తెగిపోతుంటుంది, లేదా ఫోన్ 3జీకి పడిపోతుంది. 5జీ ఫోన్ కదా అని ధీమా పడకండి. టెల్‌సెల్ 5జీ 3.5 గిగాహెర్ట్జ్‌లో మొదలైంది, మన 5జీ ఫోన్లు దాన్ని పట్టుకుంటాయి. అయినా దానికి తోడుగా ఉండాల్సిన 4జీ బ్యాండ్ ఫోన్‌లో లేకపోతే 5జీ కూడా రాకపోవచ్చు.

బయల్దేరే ముందే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి మోడల్ నంబర్‌ను అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. తయారీ కంపెనీ సైట్‌లో ఆ నంబర్‌కు ఇచ్చిన 4జీ బ్యాండ్ల జాబితా చూడండి. ఫోన్ పేరుతో వెతికితే పొరపాటు పడతారు, ఎందుకంటే ఒకే పేరుతో ఇండియాకు ఒక రకం, లాటిన్ అమెరికాకు ఇంకో రకం అమ్ముతారు. 4, 7 రెండూ ఉంటే నగరాల్లో ఇబ్బంది ఉండదు. రెండూ లేకపోతే ఆ బ్యాండ్లున్న వేరే ఫోన్ తీసుకోవడమే మేలు, సిమ్ మార్చినా పెద్దగా ప్రయోజనం ఉండదు.

ఇక నెట్‌వర్క్. దుకాణంలో పది రకాల సిమ్‌లు కనిపిస్తాయి గానీ వాటి వెనక ముఖ్యంగా ఉన్నవి మూడే.

మొదటిది టెల్‌సెల్. హైవేల మీద, కొండ ప్రాంతాల్లో, చిన్న ఊళ్లలో దీనికి ఉన్నంత విస్తృతి మరొకరికి లేదు. రెండోది ఏటీ అండ్ టీ. 2015లో ఇయుసాసెల్, నెక్స్‌టెల్ మెక్సికోలను కొని ఆ దేశంలో అడుగుపెట్టిన కంపెనీ ఇది, పెద్ద నగరాల్లో బాగుంటుంది. ఉనెఫోన్ దీని ప్రీపెయిడ్ బ్రాండే. మొవిస్టార్ కూడా 2019లో ఒప్పందం చేసుకుని, తన స్పెక్ట్రమ్‌ను ప్రభుత్వానికి తిరిగిచ్చేసి, ఏటీ అండ్ టీ టవర్ల మీదికి మారింది. అందువల్ల మీ ఇంట్లో ఏటీ అండ్ టీ సిగ్నల్ రావడం లేదని మొవిస్టార్‌కో ఉనెఫోన్‌కో మారితే డబ్బు, సమయం దండగ. మూడోది ఆల్తాన్ అనే కంపెనీ నడిపే రెడ్ కంపర్తీదా, అంటే ఉమ్మడి నెట్‌వర్క్. ఇది నేరుగా మనకు సిమ్ అమ్మదు. వాల్‌మార్ట్ వాళ్ల బైట్, ఓక్సో దుకాణాల ఓక్సో సెల్ లాంటివి దీని మీద నడుస్తాయి, ధర తక్కువ.

ఆ తక్కువ ధర చూసి బైట్ కొనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఆల్తాన్ నెట్‌వర్క్‌కు ఆధారం 700 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 28. అందులో 2జీ, 3జీ లేనే లేవు, కాల్ కూడా 4జీ మీదే వెళ్లాలి. ఫోన్‌లో బ్యాండ్ 28 లేకపోతే సిగ్నలే రాదు. బ్యాండ్ ఉండి, ఆ కంపెనీ వోల్టేకు (4జీ మీద కాల్ వెళ్లే పద్ధతికి) ఫోన్ సరిపడకపోతే నెట్ వస్తుంది గానీ మామూలు కాల్స్ రావు, పోవు. బ్యాంకు ధ్రువీకరణ కాల్ చేసినప్పుడు గానీ ఈ లోటు బయటపడదు. *#06# నొక్కితే వచ్చే ఐఎమ్ఈఐ నంబర్‌ను (ఫోన్ గుర్తింపు నంబర్) కంపెనీ సైట్‌లో ఇచ్చి, ఫోన్ సరిపోతుందో లేదో చూశాకే డబ్బు కట్టండి.

కొనే పద్ధతి కూడా మారింది. ఒకప్పుడు ఓక్సోలో చిప్ కొని ఫోన్‌లో వేసుకుంటే సరిపోయేది. 2026 జనవరి 9 నుంచి కొత్త లైన్లన్నింటినీ గుర్తింపు పత్రంతో ముడిపెట్టాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. కొత్తగా దిగినవాళ్లు ఒరిజినల్ పాస్‌పోర్టుతో నేరుగా కంపెనీ సొంత సర్వీస్ సెంటర్‌కు వెళ్లడం మంచిది. చిన్న కొట్లలో విదేశీ పాస్‌పోర్టుతో నమోదు చేయడం తెలియక తిప్పి పంపే అవకాశం ఉంది. అక్కడే చిప్ వేయించుకుని, ఒక కాల్ చేసి, వైఫై ఆపి నెట్ చూసి, అప్పుడు బయటికి రండి. టెల్‌సెల్‌లో కాల్స్ వెళ్తూ నెట్ రాకపోతే మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ పేరు (ఏపీఎన్) చూడండి. అది "ఇంటర్నెట్.ఐటెల్‌సెల్.కామ్" (internet.itelcel.com) అని ఉండాలి, ఇండియా ఫోన్లలో అది తనంతట తాను రాకపోవచ్చు.

ఆన్‌లైన్‌లో అమ్మే టూరిస్టు ఈసిమ్‌లు (చిప్ లేకుండా ఫోన్‌లోనే నమోదయ్యే సిమ్‌లు) మొదటి రెండు మూడు రోజులకు పనికొస్తాయి. అయితే వాటిలో చాలావాటికి మెక్సికో నంబర్ ఉండదు, నెట్ మాత్రమే. బ్యాంకు ఖాతాకు, ఇంటి అద్దెకు, డెలివరీ యాప్‌లకు స్థానిక పదంకెల నంబర్ తప్పదు.

ప్రీపెయిడ్‌లో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది రీఛార్జ్ దగ్గర. ఉత్త బ్యాలెన్స్ వేయించడం వేరు, ప్యాకేజీ వేయించడం వేరు. ఉత్త బ్యాలెన్స్ మీద నెట్ వాడితే ఎంబీల లెక్కన కోసుకుంటారు, చూస్తుండగానే ఖాళీ అవుతుంది. ఓక్సో కౌంటర్‌లో కంపెనీ పేరు, పదంకెల నంబర్, మొత్తం చెప్పి, "పకేతే" (ప్యాకేజీ) అని స్పష్టంగా అనండి. నంబర్‌ను కాగితం మీద రాసి చూపించడం ఇంకా నయం, ఒక్క అంకె తప్పినా డబ్బు వేరేవాళ్లకు పోతుంది. రసీదు పారేయకండి. టెల్‌సెల్‌లో *133# తో బ్యాలెన్స్ తెలుస్తుంది. యాప్‌లలో ఇండియా కార్డును తిరస్కరిస్తే కంగారు పడొద్దు, ఓక్సోలో నగదు తీసుకుంటారు.

ప్యాకేజీ చూసేటప్పుడు జీబీల కన్నా ముందు ఎన్ని రోజులు వస్తుందో చూడండి. చిన్న రీఛార్జ్‌లు కొద్ది రోజులకే అయిపోతాయి, నెలకు లెక్కేస్తే అవే ఖరీదు. "అపరిమిత కాల్స్" అంటే సాధారణంగా మెక్సికో, అమెరికా, కెనడా వరకే, ఇండియా అందులో ఉండదు. "అపరిమిత వాట్సాప్" అన్నచోట షరతులు చదివి తీరాలి. మెసేజ్‌లు ఉచితమై, వాయిస్, వీడియో కాల్స్ మాత్రం మీ డేటాలోంచి పోయే ప్యాకేజీలు ఉంటాయి. ఇంటికి రోజూ వీడియో కాల్ చేసేవాళ్లకు ప్యాకేజీ నిలిచేదీ నిలవనిదీ దీని మీదే ఆధారపడుతుంది.

పోస్ట్‌పెయిడ్ తొందరపడి తీసుకోవద్దు. దానికి రెసిడెంట్ కార్డు, చిరునామా రుజువు, తరచుగా క్రెడిట్ కార్డు లేదా క్రెడిట్ చరిత్ర అడుగుతారు. వర్క్ వీసాతో వచ్చినవాళ్లు 30 రోజుల్లోపు ఐఎన్ఎం (వలస విభాగం) ఆఫీసులో రెసిడెంట్ కార్డు పని మొదలుపెట్టాలి, అక్కడి వ్యక్తిగత గుర్తింపు సంఖ్య అయిన 18 అక్షరాల కుర్ప్ నంబర్ ఆ కార్డు మీదే వస్తుంది. ఒప్పందంలో "ప్లాసో ఫోర్సోసో" అన్న చోట 12, 18, 24 నెలలు అని ఉంటే అది కట్టుబడి ఉండాల్సిన గడువు. మధ్యలో మానేస్తే జరిమానా పడుతుంది. ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఉద్యోగికి ఇది సరిపడదు. ఒప్పందానికి విరుద్ధంగా బిల్లు వేస్తే ఫిర్యాదు చేయాల్సింది వినియోగదారుల రక్షణ సంస్థ ప్రొఫెకోకు.

కంపెనీ మారడం తేలిక కాబట్టి మొదటి ఎంపిక గురించి బెంగ అక్కర్లేదు. 051కు "నిప్" (NIP) అని మెసేజ్ పంపితే నాలుగంకెల కోడ్ వస్తుంది. దానితో పాటు గుర్తింపు పత్రం తీసుకుని కొత్త కంపెనీకి వెళ్తే ఒక పనిదినంలో నంబర్ మారుతుంది. పాత ప్రీపెయిడ్ బ్యాలెన్స్ మాత్రం రాదు, దాన్ని వాడేశాక మారండి. నెలరోజులు టెల్‌సెల్ ప్రీపెయిడ్ వాడి, ఆ లోగా ఇంట్లో, ఆఫీసులో పక్కవాళ్ల ఫోన్లలో మిగతా నెట్‌వర్క్‌లు ఎలా ఉన్నాయో చూసి, అప్పుడు చవకదానికి మారడం మంచి పద్ధతి. నంబర్ ఇచ్చేటప్పుడు +52 తర్వాత పదంకెలే చెప్పండి. 044, 045 అనే పాత ముందంకెలు 2019 ఆగస్టు 3తో పోయాయి.

ఇండియా నంబర్‌ను వదులుకోవద్దు. ఎన్ఆర్ఐ ఖాతాలకు విదేశీ నంబర్‌తో యూపీఐ ఇవ్వడానికి 2023లో ప్రకటించిన పది దేశాల్లో మెక్సికో లేదు. పైగా ఫోన్ మార్చినప్పుడు యూపీఐ యాప్ మళ్లీ నమోదు కావాలంటే ఆ సిమ్ నుంచే ఎస్ఎంఎస్ వెళ్లాలి, రోమింగ్‌లో అది తరచూ విఫలమవుతుంది. అందుకని కొత్త ఫోన్ కొనే ఆలోచన ఉంటే, అది అన్ని బ్యాండ్లున్న ఫోన్ అని చూసుకుని ఇండియాలోనే కొని, యాప్‌లన్నీ అక్కడే సర్దుకుని బయల్దేరండి. ఇంటర్నేషనల్ రోమింగ్‌ను కూడా ఇంటి దగ్గరే ఆన్ చేయించండి. మెక్సికోలో ఇండియా సిమ్‌ను రెండో స్లాట్‌లో ఉంచి, దాని డేటా రోమింగ్ ఆపేయండి. ఓటీపీ మెసేజ్ రావడానికి ఛార్జీ ఉండదు, కాల్ ఎత్తితే ఉంటుంది. ప్రీపెయిడ్ అయితే 90 రోజులు వాడకం లేకుండా పోతే నంబర్ రద్దయ్యే ప్రమాదముంది, వ్యాలిడిటీ ముగిసే తేదీని క్యాలెండర్‌లో పెట్టుకుని ముందే రీఛార్జ్ చేయండి.