పశువైద్య క్లినిక్‌లో కేసు షీటు: ఎవరు రాసినా ఒకేలా ఉండాలంటే

ఉదయం ఓపీలో ఒకరు "జ్వరం, నీరసం" అని రాసి, సాయంత్రం అదే కుక్కకు మరొకరు "103.8, డల్" అని రాస్తే ఆ రెండూ ఎప్పటికీ కలవవు. హైదరాబాద్‌లో పిడుదుల బెడద ఎక్కువ. అయినా ఈ ఎండాకాలం మన క్లినిక్‌కు ఎన్ని టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) కేసులొచ్చాయో చెప్పలేకపోవడానికి చాలాసార్లు కారణం, ఇలా ఒక్కొక్కరు ఒక్కోలా రాయడమే.

ముందు గుర్తింపు. యజమాని ఫోన్ నంబరునే కేసు నంబరుగా వాడితే ఒకే ఇంట్లోని మూడు కుక్కల రికార్డులు కలగలిసిపోతాయి. ప్రతి జంతువుకూ విడి నంబరు ఇవ్వండి. చర్మం కింద పెట్టిన మైక్రోచిప్ ఉంటే దాని 15 అంకెలూ, ఆవుకో గేదెకో చెవి ట్యాగు ఉంటే 12 అంకెలూ రాసుకుని, ఇంకొకరిచేత పైకి చదివించి సరిచూడండి.

కొలతల వరుస మార్చొద్దు. జంతువును ముట్టుకోకముందే శ్వాస 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయాలి. మే ఎండలో బండి మీద వచ్చిన కుక్కను పది నిమిషాలు ఫ్యాను కింద ఉంచండి. అప్పటికీ రొప్పుతుంటే అంకె వేయకుండా "రొప్పుతోంది" అని రాయండి. థర్మామీటరు కొన మలంలో దిగితే జ్వరం తక్కువగా చూపిస్తుంది, పేగు గోడకు ఆనించి బీప్ వచ్చేదాకా ఉంచాలి. ఫారెన్‌హీట్ ఒక్కటే వాడండి. కంప్యూటర్లో ఆ గడి 90 నుంచి 110 వరకే తీసుకునేలా పెడితే ఎవరైనా సెల్సియస్‌లో 39 అని కొట్టినా ఎక్కదు. ఒంటి పుష్టి స్కోరును "3" అని వదిలేయొద్దు: 3/5 అంటే సరైన ఒళ్లు, 3/9 అంటే బక్కచిక్కినట్టు. తూకం వేయలేక అంచనా కట్టిన బరువు పక్కన "అంచనా" అని ఉండాలి, ఎందుకంటే మందు మోతాదు దాని మీదే ఆధారపడుతుంది.

అసలు ఎక్కువ తప్పులు ప్లేట్‌లెట్ల దగ్గరే. ఒక ల్యాబు "1.2 లక్షలు" అంటుంది, మన మెషీను "120" చూపిస్తుంది. రెండూ ఒకటే. గడి పైనే "వేలల్లో" అని అచ్చు వేయించండి, లేకపోతే 1.2 అని ఎక్కిన కుక్కకు 1,200 ప్లేట్‌లెట్లే ఉన్నట్టు లెక్క. రక్తం తీయగానే ఈడీటీఏ ట్యూబును (రక్తం గడ్డకట్టకుండా మందు ఉన్న ట్యూబు) ఎనిమిది పదిసార్లు మెల్లగా తిప్పకపోతే ప్లేట్‌లెట్లు గుంపు కట్టి కౌంటు తగ్గుతుంది. అందుకే తక్కువ వచ్చిన ప్రతి కేసులో స్మియర్ (గాజు పలక మీద పూసిన రక్తం) మైక్రోస్కోపులో చూసి "గుంపులు ఉన్నాయి / లేవు / చూడలేదు" అని టిక్ పెట్టాలి.

ఆ "చూడలేదు" అనే గడి షీటులో అన్ని చోట్లా కావాలి. ఖాళీ గడిని ఒకరు "బాగుంది" అనుకుంటారు, ఇంకొకరు "పరీక్షించలేదు" అనుకుంటారు.

రోగనిర్ధారణకు రెండు గడులు పెట్టండి: అనుమానం, నిర్ధారణ. రెండోది నింపితే దేంతో తేలిందో కూడా రాయాలి: స్మియరా, కిట్టా, పీసీఆరా? టిక్ ఫీవర్ తెచ్చే ఎర్లీకియా అనే బ్యాక్టీరియాకు వాడే యాంటీబాడీ కిట్టు పాత ఇన్ఫెక్షన్‌కూ పాజిటివ్ చూపవచ్చు.

వారానికోసారి పది షీట్లు తీసి చూడండి. ఏ గడి సగానికి పైగా ఖాళీగా ఉంటే దాన్ని తీసేయండి, లేదా నింపే బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగించండి.