ఒకే పుష్‌తో గిట్‌హబ్‌కీ గిట్‌ల్యాబ్‌కీ: నా అనుభవం
ఒకే కోడుని గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ అనే రెండు సైట్లలో ఉంచుతాను. గిట్‌హబ్‌లో కొత్త కమిట్లు (సేవ్ చేసిన మార్పులు), గిట్‌ల్యాబ్‌లో వారం కిందటి కోడు. ఇదీ నా గోల. విడివిడిగా పుష్ చేస్తే (అంటే మార్పుల్ని సైటుకి పంపితే) రెండోది మర్చిపోయేవాణ్ణి, క్రాన్ జాబ్ (వేళకి దానంతటదే నడిచే పని) ఎస్ఎస్‌హెచ్ కీ (లాగిన్‌కి వాడే ఫైలు) దగ్గర ఆగిపోయేది, మిర్రర్ పుష్ (సైటులోని కాపీని అచ్చం నా కాపీలా మార్చేది) అయితే ఆ సైటులో మాత్రమే ఉన్న బ్రాంచిని, అంటే కోడులోని ఓ విడి పాయని, చెరిపేసింది.

చివరికి పనిచేసింది ‘గిట్ రిమోట్ సెట్-యూఆర్ఎల్’ అనే కమాండు. యాడ్, పుష్ ఆప్షన్లు రెండూ కలిపి, మొదట గిట్‌హబ్ చిరునామానే ఆరిజిన్‌కి (గిట్‌లో సైటు చిరునామాకి ఉండే మారుపేరు) ఇచ్చాను. తర్వాత అదే కమాండు గిట్‌ల్యాబ్ చిరునామాతో. గిట్‌హబ్ చిరునామా ఎలాగూ ఉందిగా అని మొదటి కమాండు వదిలేశానోసారి. పుష్‌లన్నీ గిట్‌ల్యాబ్‌కే పోయాయి! పుష్ చిరునామా ఒక్కటి విడిగా ఇచ్చినా, పాత చిరునామా ఫెచ్‌కే (సైటు నుంచి మార్పులు తెచ్చుకోడానికే) మిగులుతుంది. ‘గిట్ రిమోట్ -వి’ కొడితే ఫెచ్ లైను ఒకటి, పుష్ లైన్లు రెండు కనబడాలి.

నేనొక్కణ్ణే రాసే రిపో (ప్రాజెక్టు కోడు ఉండే చోటు) కాబట్టి సరిపోయింది. రెండు చోట్లా మెర్జులు చేసే (ఒకరి మార్పుల్ని ఇంకొకరి వాటితో కలిపే) టీముకి నడుస్తుందని మాత్రం చెప్పలేను.