చేపల వేట కయాక్‌కు బండి: చక్రాల నుంచి మొదలుపెట్టండి

టెక్సాస్‌లో గాల్వెస్టన్ దీవి వెనుక, వెస్ట్ బే వైపు రెడ్‌ఫిష్ అనే చేపల వేటకు వెళ్లేటప్పుడు నాకు తెడ్డు వేయడం కన్నా, కారు ఆపిన చోటి నుంచి నీటి అంచు దాకా కయాక్‌ను (సన్నని చిన్న పడవను) చేర్చడమే ఎక్కువ శ్రమగా ఉండేది. పన్నెండు అడుగుల మామూలు కయాక్ సుమారు 30 నుంచి 35 కిలోలు ఉంటుంది. హోబీ ప్రో ఆంగ్లర్ 14 వంటి, కాళ్లతో తొక్కి నడిపే పెడల్ కయాక్‌లయితే సామాను లేకుండానే 50 కిలోలు దాటుతాయి. వాటికి ఐసు పెట్టె, లంగరు, బ్యాటరీ, గాలాల బరువు తోడవుతుంది. అంత బరువును నేల మీద ఈడ్చుకుంటూ పోతే వెనుక భాగంలో పాలిథిలిన్ అడుగు అరిగిపోతుంది, అక్కడ చిల్లు పడితే ప్లాస్టిక్ వెల్డింగ్ తప్పదు. కాబట్టి కయాక్‌ను మోసే రెండు చక్రాల బండి ఉండవలసిందే.

చాలామంది ముందు బండి చట్రాన్ని చూసి, ఆ తరువాత చక్రాల గురించి ఆలోచిస్తారు. ఆ వరుస తిరగబడాలని నా అభిప్రాయం. మెత్తని టైరు నేలను నొక్కే ఒత్తిడి ఇంచుమించు దానిలోని గాలి ఒత్తిడితో సమానం. సామానుతో కలిపి కయాక్ 60 కిలోలు ఉంటే ఒక్కొక్క చక్రం మీద 30 కిలోలు పడతాయి. టైరులో 30 పిఎస్ఐ (చదరపు అంగుళానికి 30 పౌండ్ల ఒత్తిడి) గాలి ఉంటే ఆ బరువును దాదాపు 14 చదరపు సెంటీమీటర్ల నేల మాత్రమే మోస్తుంది కనుక, పొడి ఇసుకలో చక్రం కూరుకుపోయి బండి నాగలిలా దున్నుకుంటూ వస్తుంది. అదే వీలీజ్ కంపెనీ చేసే లాంటి వెడల్పాటి, మెత్తని బెలూన్ చక్రంలో 3 పిఎస్ఐ మాత్రమే ఉంటే, దాదాపు 140 చదరపు సెంటీమీటర్ల మేర నేలకు ఆనుకుని ఇసుక పైనే దొర్లుతుంది. అయితే ఈ చక్రాలు ఖరీదైనవి, పదునైన ఆల్చిప్పలు గుచ్చుకుంటే చిల్లు పడే ప్రమాదమూ ఉంది. మీ దారి సిమెంటు ర్యాంపు, గట్టి మట్టి, కంకర అయితే పంక్చరు పడని పది అంగుళాల గట్టి చక్రాలే మేలు. అందుచేత కొనేముందు ఒకసారి ఆ దారిలో నడిచి, ఇసుక ఎంత దూరం ఉందో అడుగులతో కొలుచుకోండి.

కొనే బండ్లలో ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి. మొదటి రకంలో రెండు నిలువు కడ్డీలు కయాక్ అడుగున ఉన్న స్కప్పర్ రంధ్రాలలోకి దూరుతాయి. పట్టీలు బిగించే పని లేకపోవడం వీటి సుగుణం. కానీ ఆ రంధ్రాలు నీరు పోవడానికి చేసినవి. తయారీదారు ప్రత్యేకంగా బండి కోసమే బలపరిచి ఉంటే తప్ప, ఎగుడుదిగుడు నేల మీద బరువంతా వాటి అంచుల మీద పడి పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్ల నుంచి లోపలికి చేరే నీరు వేట మధ్యలో గాని తెలియదు. రెండో రకంలో కయాక్ అడుగు మెత్తని దిమ్మల మీద ఆనుకుంటుంది, పట్టీతో కట్టాలి. మీ కయాక్ మాన్యువల్‌లో మొదటి రకాన్ని వాడవచ్చని స్పష్టంగా లేకపోతే రెండోదే ఎంచుకోండి.

సొంతంగా చేసుకోవాలంటే ఒక అంగుళం షెడ్యూల్ 40 (గోడ మందాన్ని తెలిపే గుర్తు) పివిసి గొట్టాలు, వాటిని కలిపే టీలు, ఎల్బోలు, ఇరుసుకు 16 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీ సరిపోతాయి. సామానుతో 60 కిలోలు దాటే కయాక్‌కు మాత్రం పివిసిని నేను సూచించను, అల్యూమినియం చట్రమే నమ్మదగినది. కడ్డీ ఒక చక్రం నుంచి మరో చక్రం దాకా గొట్టం గుండా ఏకంగా సాగాలి. రెండు పొట్టి ముక్కలు పెడితే గొట్టం నడుమ వంగిపోతుంది. చక్రాల మధ్య దూరం 60 సెంటీమీటర్లకు తగ్గకూడదు, లేకపోతే ఏటవాలు నేలలో బండి పక్కకు ఒరుగుతుంది. చక్రాలు కయాక్ అడుగు కిందికి వస్తాయి కనుక, 30 సెంటీమీటర్ల చక్రానికి ఆనుడు గొట్టాలు ఇరుసు కంటే కనీసం 18 సెంటీమీటర్లు ఎత్తున ఉండాలి. ఇది మరచిపోతే టైరు కయాక్‌కు రాసుకుని తిరగనే తిరగదు. ముందు జిగురు లేకుండా అంతా అమర్చి, కయాక్‌ను ఎక్కించి, నాలుగడుగులు లాగి చూసి, గొట్టాల మీద పెన్సిల్ గీతలు పెట్టుకున్న తరువాతే ప్రైమరు, పివిసి సిమెంటు (గొట్టాల జిగురు) పూయండి. సిమెంటు క్షణాలలో పట్టేస్తుంది కాబట్టి తరువాత సర్దుకునే వీలుండదు. ఆనుడు గొట్టాలకు ఈత కొలనులో వాడే ఫోము గొట్టాలను చీల్చి తొడగండి. లోపల చేరిన నీరు కారిపోవడానికి అట్టడుగున చిన్న రంధ్రాలు వేయండి. ఎడ్లబండి ఇరుసుకు కడచీల ఎంత అవసరమో ఇక్కడ చక్రం బయట పెట్టే పిన్ను కూడా అంతే అవసరం. అదనంగా రెండు పిన్నులు వెంట ఉంచుకోండి.

బండిని ఎక్కడ పెట్టాలన్నదానికి కూడా ఎడ్లబండే దారి చూపుతుంది. కాడి మీద కొద్దిగా బరువు ఉండేలా బస్తాలు సర్దినట్టే, మీరు ముందు పిడిని పట్టుకుని లాగేటప్పుడు చేతికి ఐదారు కిలోల బరువు తగిలేలా, ఇరుసును బరువు కేంద్రానికి కాస్త వెనుకగా ఉంచాలి. మరీ వెనక్కి పెడితే భుజం పోతుంది, మరీ ముందుకు పెడితే తోక నేలను తాకుతుంది. పట్టీకి క్యామ్ బకిల్ (చేత్తో లాగి బిగించే బకిల్) చాలు. ర్యాచెట్‌తో (మీటతో గట్టిగా బిగించే బకిల్‌తో) బిగిస్తే ఎండకు మెత్తబడిన పాలిథిలిన్ సొట్టపోతుంది. పట్టీ వెనక్కి జారకుండా దాన్ని కూర్చునే సీటు ముందున్న పిడికి ఒక చిన్న తాడుతో కట్టండి.

నీటి దగ్గర బండిని విప్పడానికి తొందరపడకండి. కయాక్ తేలే లోతు దాకా అలాగే తోసి, అప్పుడు పట్టీ వదిలి బండిని బయటికి లాగండి. చక్రాలు విడదీయగలిగితే బండి వెనుక సామాను గుంటలో ఇమిడిపోతుంది. ఇంటికి వచ్చిన రోజే మంచినీటితో ఇరుసును, బేరింగులను కడిగి, చక్రాలు తీసి, కడ్డీకి మెరైన్ గ్రీజు రాయండి. అల్యూమినియం గొట్టంలో స్టెయిన్‌లెస్ కడ్డీ ఉప్పునీటితో తడిసి అలాగే ఉండిపోతే అల్యూమినియం తుప్పుతో క్షయించి రెండూ అతుక్కుపోతాయి. బెలూన్ చక్రాలను మూసిన కారులో ఎండకు వదిలితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది కనుక, ఇంటికి బయలుదేరే ముందే వాటిలో కొంత గాలి వదిలేయండి.